పేరు అత్తది, ముఖం కోడలిది

"గుడ్డలు తీయండమ్మా. ముఖాలకు కట్టుకున్న గుడ్డలన్నీ తీయండి," అన్నాడు కానిస్టేబులు.

ఊడ్చేవాళ్ళు తొమ్మిదిమంది. కూరగాయల మార్కెట్ వెనక వీధిలో, మూసి ఉన్న షట్టర్ల ముందు వాళ్ళను వరసగా నిలబెట్టారు. చీపుళ్ళు గోడకు చేరేసి ఉన్నాయి. సగం నిండిన చెత్తబండి వీధి మధ్యలో ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తెల్లవారుజామున ఆరింటికి మొదలుపెట్టిన పని, తొమ్మిదిన్నర దాటుతున్నా ఇంకా సగంలోనే ఉంది. అక్కడిదాకా ఊడ్చారు అన్నట్టుగా వీధికి అడ్డంగా ఒక గీత, గీతకు ఇవతల కుళ్ళిన ఆకులు, అరటిగెలల మోళ్ళు, ఈగలు.

కానిస్టేబులు ఒక్కొక్కరి ముఖం ముందూ తన ఫోను పెడుతున్నాడు. ఫోనులో ముఖం కనబడగానే దాని చుట్టూ పసుపుపచ్చ చట్రం ఒకటి వచ్చి బిగుసుకుంటుంది. రెండు మూడు క్షణాలు ఆగి, నాలుక చప్పరించినట్టు చిన్న శబ్దం చేస్తుంది. అప్పుడతను "నువ్వు కాదు" అని పక్క మనిషి ముందుకు జరుగుతాడు.

ఏం కాదో, ఎవరు కాదో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

వరసలో నాలుగో మనిషి జట్టులోకల్లా పొడుగామె. ఆమె ముఖం పట్టడానికి కానిస్టేబులు చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. "ఫొటో దిగాలని ముందే కబురు పెడితే బాగుండేది సారూ, కాస్త తల దువ్వుకొని వచ్చేదాన్ని," అందామె. ఇద్దరు ముగ్గురు నవ్వబోయి మానేశారు. ఫోను చప్పరించింది. నువ్వు కాదు.

ఐదో మనిషి కోడలు.

జట్టులో అందరూ ఆమెను కోడలనే పిలుస్తారు. ఎందుకంటే ఆ జట్టులో ముప్ఫయి ఏళ్ళు ఊడ్చింది ఆమె అత్త. ఈమె వచ్చింది ఆ అత్తకు కోడలిగానే, ఆ అత్త చీపురు పట్టుకొనే. కోడలు గుడ్డ విప్పి మెడలో వేసుకుంది. ఫోను ముఖానికి ఎదురుగా వచ్చింది. చట్రం బిగుసుకుంది. చప్పరింపు వినబడుతుందని ఎదురుచూసింది.

ఫోను చప్పరించలేదు. కందిరీగలా ఝుమ్మంది.

కానిస్టేబులు ఫోనులోకి చూశాడు. ఆమె ముఖంలోకి చూశాడు. మళ్ళీ ఫోనులోకి చూశాడు. పొద్దుట్నించీ చేస్తున్న పనికి ఇప్పుడు ఫలం దొరికిందన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"పేరు?"

ఆమె అత్త పేరు చెప్పింది.

నాలుగేళ్ళుగా రోజూ తెల్లవారుజామున మేస్త్రీ ఆ పేరు పిలవడం, తను "ఉన్నా" అనడం. ఆ పేరు వినగానే మెడ దానంతటదే తిరుగుతుంది. తన పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా తక్కువే.

"వయసు?"

"యాభై ఆరు."

నోటినుంచి వచ్చాక గానీ ఆ మాట ఆమె చెవిలో పడలేదు.

"యాభై ఆరా?" అన్నాడు కానిస్టేబులు. "మా అమ్మకి యాభై ఆరు. ఏం తింటున్నావో చెప్పమ్మా, మా అమ్మకీ పెడతాను." ఈసారి ఎవరూ నవ్వబోలేదు కూడా. "పద. జీపెక్కు."

"ఎందుకు సారూ?"

"అక్కడ చెప్తారు."

కోడలు చీపురు వైపు చూసింది. దాన్ని బండిలో పెట్టి రావాలా, వదిలేయాలా తెలియలేదు. పొడుగామె నెమ్మదిగా వచ్చి ఆ చీపురు తీసుకుంది. "నేను చూసుకుంటాలే," అంది. జీపులో కూర్చున్నాక కోడలికి అర్థమైంది. పొడుగామె చూసుకుంటానన్నది చీపురునే.

*

ఆ ఊళ్ళో ఊడ్చే పనిలో అదొక ఆనవాయితీ. పేరు ఒకరిది, పని ఇంకొకరిది. దాన్ని బదిలీ అంటారు. వంగి వంగి నడుము పోయినవాళ్ళూ, దుమ్ము మింగి ఊపిరి అందనివాళ్ళూ పనికి రాలేకపోతే ఇంట్లోంచి ఇంకొకరు వచ్చి ఆ చీపురు అందుకుంటారు. లేకపోతే పర్మనెంటు ఉద్యోగం పోతుంది. అత్తకు నాలుగేళ్ళ క్రితం మోకాళ్ళు రెండూ ఒకేసారి మొండికేశాయి. డాక్టరు కూర్చొని చేసే పని చూసుకోమన్నాడు. కూర్చొని వీధులు ఎలా ఊడుస్తారో చెప్పలేదు. అత్త పేరు మీద వచ్చే జీతం నెలకు పంతొమ్మిది వేలు. కోడలు తన పేరు మీదే ఆ పని చేస్తే రోజుకు నాలుగు వందలు, అదీ పిలిచిన రోజున. లారీ తోలే మొగుడు నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు, తెచ్చేది ఇంటద్దెకు చాలదు. అందుకని పేరు అత్తదే ఉంది, చీపురు మాత్రం చేతులు మారింది. చూడనట్టు ఉన్నందుకు మేస్త్రీకి నెలకింత. జట్టులో తొమ్మిదిమందిలో ఐదుగురిది ఇదే కథ.

రెండేళ్ళ క్రితం హాజరుకు యంత్రం వచ్చింది. వార్డు ఆఫీసు గుమ్మంలో ఒక కర్రకు బిగించిన పలక. దాని ముందు నిలబడితే ముఖం చూసి "నమోదైంది" అంటుంది ఆడగొంతుతో. ఆ రోజు ఐదుగురూ వణికిపోయారు. మేస్త్రీ మాత్రం తొణకలేదు. "దానికి కావలసింది ముఖం. రోజూ వచ్చే ముఖమే పెట్టండి. పేర్ల సంగతి నాది," అన్నాడు. అలా అత్త పేరు పక్కన, యాభై నాలుగు అని రాసున్న వయసు పక్కన, ముప్ఫయి ఏళ్ళ కోడలి ముఖం ఎక్కింది. యంత్రం అభ్యంతరం చెప్పలేదు. మర్నాడు "నమోదైంది" అంది.

ఇంటికొచ్చి చెబితే అత్త పడీపడీ నవ్వింది. "పేరు నాది, ముఖం నీది. ఇలాంటి పెళ్ళి ఏ పంతులూ చేసి ఉండడే అమ్మాయ్."

ఆ ముఖాలు హాజరుకే అన్నారు. అక్కణ్ణించి అవి ఇంకెక్కడికైనా వెళ్తాయని ఎవరూ చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు. గుమ్మం ముందు నిలబడిన యంత్రానికి కాళ్ళుంటాయని ఎవరనుకుంటారు?

*

స్టేషన్లో ఆమెను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎంతమంది కూర్చున్నారో, బెంచీ మధ్యలో రంగు పోయి చెక్క నున్నగా మెరుస్తోంది. గదిలో మూడు బల్లలు, ఇనుప బీరువా, తిరుగుతూ మూలిగే ఫ్యాను. బీరువా కింద వేలెడు మందాన దుమ్ము. ఎవరో పైపైన ఊడ్చి పోయారు అనుకుంది. అనుకున్నాక, ఇలాంటప్పుడు దుమ్ము గురించి ఆలోచిస్తున్నందుకు తనమీద తనకే భయం వేసింది.

ఇన్‌స్పెక్టరు కేకలు వేసే మనిషి కాదు. నిద్ర చాలని కళ్ళు, మెత్తటి గొంతు. ఆ మెత్తదనమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కేకలు వేసేవాడైతే ఎప్పుడు ఆపుతాడో తెలుస్తుంది.

"ఇలా వచ్చి చూడమ్మా," అని కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

తెర మీద రెండు బొమ్మలు. కుడివైపుది హాజరు యంత్రం తీసిన తన ముఖం. దాని కింద అత్త పేరు. ఎడమవైపుది మసకగా ఉంది. సగం ఎత్తిన షట్టరు ముందు ఒక ఆడమనిషి, ముక్కుదాకా గుడ్డ కట్టుకొని, వెనక్కి తిరిగి చూస్తోంది. రెండు బొమ్మలకూ మధ్య ఎర్రటి అంకె. డెబ్బై ఒకటి.

"బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం. పోయిన గురువారం పొద్దున ఆరూ మూడుకి తాళం పగలగొట్టి పదకొండు ఫోన్లు ఎత్తుకుపోయింది ఈ మనిషి. ఈ మనిషి నువ్వేనని యంత్రం అంటోంది. నూటికి డెబ్బై ఒకటి. చదువుకునే రోజుల్లో నాకు ఏ పరీక్షలోనూ అన్ని మార్కులు రాలేదు."

కోడలు ఆ మసక బొమ్మ వంక చూసింది. అదే నుదురు. అవే కనుబొమలు, మధ్యలో కొంచెం కలిసి. అదే రకం గుడ్డ. చూసిన కొద్దీ ఆ కళ్ళు తనవే అనిపించసాగాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గురువారం తను ఎక్కడికి వెళ్ళిందో గుర్తు రాలేదు. తనకు తెలియకుండా తను అక్కడికి వెళ్ళిందేమో అనిపించింది. నేను కాదని నాకు ఎలా తెలుసు, అనుకుంది. మనిషికి తన ముఖం తనకు కనబడదు గదా.

అప్పుడు ముడి కనబడింది.

"ముడి సారూ," అంది. తెర మీద వేలు పెట్టి చూపింది. "ముడి కుడిచెవి వెనక ఉంది."

"ఉంటే?"

"మేము ఎడమవైపు కడతాం. చీపురు కర్ర కుడిభుజం మీద ఆనించుకుంటాం గదా. ముడి కుడివైపుంటే కర్ర తగిలి ఊరికే ఊడిపోద్ది. మా జట్టులో అందరిదీ ఎడమవైపే."

ఇన్‌స్పెక్టరు నిజంగానే ఆలోచించినట్టు తల పంకించాడు. "దొంగతనానికి వచ్చేవాళ్ళు చీపురు తెచ్చుకోరు కదమ్మా. ఎటైనా కట్టుకుంటారు. యంత్రం ముడులు చూడదు. ఎముకలు చూస్తుంది." తెర తన వైపు తిప్పుకున్నాడు. "పోనీ ఇది చెప్పు. నీ పేరు ఇదేనా?"

ఆమె మెడలోని గుడ్డ కొసను వేలికి చుట్టుకుంది.

"ఈ పేరు గల మనిషికి యాభై ఆరేళ్ళు. నీకు లేవు. మరి నువ్వెవరు? పేరు మార్చుకొని తిరిగేది దొంగలే కదా? నేనొక్కణ్ణే అలా అనుకుంటున్నానా?"

గురువారం పొద్దున తను ఎక్కడుందో ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. అన్ని రోజుల్లాగే వార్డు ఆఫీసు గుమ్మంలో ఉంది. ఆరు కొట్టకముందే ఆ పలక ముందు నిలబడింది, అది "నమోదైంది" అంది. ఆ మాట ఒక్కటి చెబితే చాలు. కానీ ఆ మాట చెప్పడమంటే, రోజూ అక్కడ నిలబడుతున్నది అత్త కాదని చెప్పడమే. అత్తకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ముప్ఫయి నాలుగేళ్ళ నౌకరీ, దాని చివర వచ్చే పింఛను, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. అత్తవే కాదు, ఇంకో నలుగురి ఇళ్ళవీ పోతాయి. చెప్పకపోతే తను దొంగ.

"చెప్పవు. సరే," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఏమీ కోపం లేకుండా. కానిస్టేబులును పిలిచాడు. "ఈ పేరు మీద చిరునామా ఉంది. అక్కడ ఎవరుంటే వాళ్ళను తీసుకురా."

"అత్త.." అని నోరు జారబోయి ఆపుకుంది. ఆ సగం మాట కూడా అతను కాగితం మీద రాసుకున్నాడు.

*

పన్నెండయింది. ఒంటిగంటయింది. ఒంటేలుకు వెళ్ళాలి, అడగాలంటే భయం. గదిలో మూలబల్ల దగ్గర ఉన్న ఆడ కానిస్టేబులు చూసి, తనే లేచి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక గ్లాసుతో నీళ్ళిచ్చింది.

"నన్ను లోపలేస్తారా మేడమ్?"

"నాకు తెలీదమ్మా," అందామె రాస్తున్న కాగితంలోంచి తలెత్తకుండా. కాసేపటికి ఇంకా చిన్న గొంతుతో అంది. "ఇదివరకైతే నాలుగు ఇళ్ళు తిరిగి, పదిమందిని అడిగేవాళ్ళం. ఈ యంత్రం వచ్చాక మేం కూడా అడగడం మానేశాం."

కోడలు గోడలు చూస్తూ కూర్చుంది. ఎదురుగోడకు ఎవరికి ఏ రోజు డ్యూటీయో రాసిన పెద్ద అట్ట వేలాడుతోంది. దాని పైన, అట్ట కప్పేయగా మిగిలిన జానెడు జాగాలో, ఇంకో కాగితం తొంగిచూస్తోంది. కోడలు ఎనిమిదో తరగతి వరకు చదివింది. చెత్తలో దొరికే కాగితాలు కూడా చదివే అలవాటు. కళ్ళు చిట్లించింది.

'ముఖం గుర్తించే యంత్రాన్ని పోలీసులు వాడుటలో పాటించవలసిన నియమాలు. ఒకటి: యంత్రం చూపిన పోలిక సూచన మాత్రమే, సాక్ష్యం కాదు. రెండు: కేవలం పోలిక ఆధారంగా ఎవరినీ..'

మిగతాది అట్ట కింద ఉంది.

ఆ రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివింది. మొదటిసారి చదివినప్పుడు గుండె కాస్త కుదుటపడింది. మూడోసారికి మళ్ళీ మునుపటిలాగే కొట్టుకుంది. నియమం గోడ మీద ఉంది. తను బెంచీ మీద ఉంది. మధ్యలో ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. అది చదవగలగడం వేరు, చదివానని ఆయనతో అనగలగడం వేరు.

రెండు కావస్తుండగా బయట జీపు ఆగింది. కర్ర నేలకు తగిలే చప్పుడు, దాని వెనకే గొంతు. "మెల్లిగా నాయనా, మెల్లిగా. నన్ను లాక్కుపోతే మోకాళ్ళు ఇక్కడే ఉండిపోతాయి, తరవాత నువ్వే వచ్చి తీసుకుపోవాలి."

అత్త, ఊడ్చే రోజుల నాటి ముఖగుడ్డ భుజం మీద వేసుకొని, గుమ్మంలో ఆగి గదంతా చూసింది. కోడలు బతికే ఉందని, దెబ్బలేమీ తగల్లేదని చూసుకున్నాకే లోపలికి వచ్చింది. కోడలు ఎవరికీ కనబడకుండా తల అడ్డంగా ఊపింది. చెప్పవద్దని. అత్త చూసింది. చూడనట్టు ముఖం తిప్పుకుంది.

"ఈ పేరు నీదేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాదే సారూ. మా నాన్న పెట్టాడు."

"మరి ఈ ముఖం?"

అత్త తెర దగ్గరికి వంగి చూసింది. "నాదే అయితే ఎంత బాగుణ్ణు. అంత వయసు మళ్ళీ ఎవరిస్తారు నాకు?"

"హాస్యాలొద్దు. నీ పేరు మీద దొంగ ముఖం ఉంది. జవాబు చెప్పాల్సింది నువ్వే."

"దొంగ కాదు. నా కోడలు."

"అత్తయ్యా, వద్దు."

"నోర్ముయ్. మోకాళ్ళు పోయాయి గానీ నాకు నోరు పోలేదు." కర్ర రెండు చేతుల్తో పట్టుకొని నిటారుగా నిలబడడానికి ప్రయత్నించింది. "పేరు నాది సారూ. ముఖం దానిది. నాలుగేళ్ళ నించి మేమిద్దరం కలిసి ఒక్క మనిషిమి. నేను కూర్చుంటాను, అది ఊడుస్తుంది."

"అంటే ఆఫీసును మోసం చేశారు."

"చేశాం. రాసుకోండి. వీధి ఊడ్చలేదని మాత్రం ఎవరూ అనరు." తెర వైపు గడ్డం ఎత్తి చూపింది. "మీ దొంగతనం ఎప్పుడు జరిగిందన్నాడు మీవాడు, జీపులో? గురువారం ఆరింటికి. అప్పుడు నా కోడలు ఎక్కడుందో హాజరు యంత్రాన్ని అడగండి. దీన్ని దొంగన్నది యంత్రమే గదా. ఇంకో యంత్రం మాట కూడా వినండి."

ఇన్‌స్పెక్టరు మేస్త్రీకి ఫోను చేశాడు. అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు. మేస్త్రీ గొంతు తేనెలా జారింది. "బదిలీనా? మా దగ్గర అలాంటివి జరగవు సార్. ఆవిడెవరో నాకు తెలీనే తెలీదు సార్."

"నెలకు రెండు వేలు తీసుకున్నప్పుడు బాగానే తెలిసిందిరా నేనెవరో," అంది అత్త ఫోను మీదికి వంగి.

అటునుంచి గొంతు ఆగిపోయింది. తరవాత ఫోనే ఆగిపోయింది.

మూలబల్ల దగ్గరి ఆడ కానిస్టేబులు అప్పటికే తన కంప్యూటరులో హాజరు తీసింది. "గురువారం, ఐదూ యాభై ఎనిమిది సార్," అంది. "ఫొటో ఉంది. గుడ్డ గడ్డం కిందికి లాగి ఉంది, ముఖం స్పష్టంగా ఉంది. ఈమే." ఒక్క క్షణం తటపటాయించి కలిపింది. "వార్డు ఆఫీసు నించి బస్టాండు ఏడు కిలోమీటర్లు సార్. మధ్యలో ఐదే నిమిషాలు."

ఫ్యాను మూలిగింది. ఇన్‌స్పెక్టరు తెర మీద అంకె వంక చూస్తూ కూర్చున్నాడు. డెబ్బై ఒకటి అలాగే ఉంది, ఎర్రగా.

"అయితే పొరపాటు జరిగి ఉండొచ్చు," అన్నాడు చివరికి. ఎవరి పొరపాటో చెప్పలేదు. "కానీ ఈ బదిలీ వ్యవహారం ఆఫీసుకు రాయక తప్పదు. రేపు రాస్తాను."

అత్త కర్ర మీద బరువంతా వాల్చింది. ముప్ఫయి నాలుగేళ్ళు ఆ ఒక్క మాటలో అయిపోయాయి. "రాయండి," అంది. పక్కనున్న బెంచీ కోసం చేత్తో తడుముకుంది. కోడలు లేచి పట్టుకొని కూర్చోబెట్టింది.

"పదండత్తయ్యా, ఇంటికెళ్దాం."

"ఒక్క నిమిషం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు గొంతు ఇంకా మెత్తబడింది. "ఇదంతా ఎందుకొచ్చింది? నీ ముఖం వేరే పేరు మీద ఉన్నందువల్ల. సరిచేసుకుందాం. ముందునించి ఒకటి, పక్కలనించి రెండు, మూడు ఫొటోలు. నీ ముఖం నీ పేరు మీద మా దగ్గర భద్రంగా ఉంటుంది. ఇక ఏ గొడవా రాదు. రేపు మీ జట్టు మొత్తాన్ని రమ్మను, అందరివీ తీసేస్తే సరిపోతుంది." బల్ల మీదుగా ఒక కాగితం జరిపాడు. అడుగున సంతకానికి గీత ఉంది. కానిస్టేబులు అప్పటికే జేబులోంచి ఫోను తీశాడు.

ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ ఒక్క గీత మీద పేరు రాస్తే చాలు. ఇన్నాళ్ళూ కాగితం ఇస్తే వేలిముద్ర వేయడమో, చూపించిన చోట సంతకం పెట్టడమో తప్ప ఊడ్చేవాళ్ళెవరూ ఏ కాగితమూ చదివింది లేదు. చదివితే మేస్త్రీ విసుక్కునేవాడు. కోడలు కలం తీసుకుంది. గీత వైపు చెయ్యి పోతూ ఉంది. అయినా కళ్ళు, అలవాటు కొద్దీ, పైనించి చదవడం మొదలుపెట్టాయి.

'నేను నా పూర్తి ఇష్టంతో నా ముఖచిత్రాన్ని..'

చెయ్యి ఆగింది.

ఆమెకు పొద్దుటి ఫోను గుర్తొచ్చింది. కందిరీగలా ఝుమ్మనడం గుర్తొచ్చింది. హాజరుకని ఇచ్చిన ముఖం నడుచుకుంటూ స్టేషనుకు వచ్చింది. ఇక్కడ ఇచ్చిన ముఖం ఎక్కడెక్కడికి నడుస్తుంది? రేపు ఇంకో దుకాణం, ఇంకో మసకబొమ్మ, ఇంకో డెబ్బై ఒకటి. ఆ రోజు తను పలక ముందు నిలబడి ఉండకపోతే? జ్వరమొచ్చి ఇంట్లో పడుకొని ఉంటే?

కలం బల్ల మీద పెట్టింది. లేచి ఎదురుగోడ దగ్గరికి వెళ్ళింది. ఎవరూ ఆపలేదు, ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు గనక. ఊడ్చేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. కింద ఏముందో ఎత్తి చూడందే చెయ్యి ఊరుకోదు. డ్యూటీల అట్టను అంచు పట్టుకొని పైకెత్తింది. దాని కింది కాగితం తెల్లగా ఉంది, ఎండ తగలక.

బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"రెండు. కేవలం పోలిక ఆధారంగా ఎవరినీ నిర్బంధించరాదు. మూడు. నిందితులు కాని వారి ముఖచిత్రాలను వారి రాతపూర్వక అంగీకారం లేకుండా తీసుకొనరాదు, దాచరాదు. నాలుగు. అంగీకరించకపోవడం నేరం కాదు."

అట్ట వదిలేసింది. అది గోడకు తగిలి టక్కుమంది. ఆడ కానిస్టేబులు రాయడం ఆపేసింది. అత్త నోరు తెరిచి కోడలి వంకే చూస్తోంది.

"ఎవరు చదవమన్నారు నిన్ను?" అన్నాడు కానిస్టేబులు.

"నేను నీ మంచికే చెప్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తప్పు చేయనివాళ్ళకు భయం దేనికమ్మా?"

"తప్పు చేయకుండానే పొద్దుట్నించీ భయపడ్డాను సారూ," అంది కోడలు. "ఇప్పుడు కూడా భయంగానే ఉంది."

"మరి?"

ఆ మాట ఎలా అనాలో ఆమెకు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళతో, మేస్త్రీతో, మొగుడితో, ఎవరితోనూ ఆ మాట అనలేదు. ఎంత గొంతుతో అనాలి, అన్నాక ఎటు చూడాలి, ఏదీ తెలియదు. చివరికి నేల వైపు చూస్తూనే అంది.

"ఇవ్వను."

ఆ మాట తరవాత ఏం వస్తుందో కోడలికి తెలియదు. మెడలోని గుడ్డను పైకి లాగింది. ముక్కుదాకా కప్పి ముడి వేయబోయింది. ఒకసారి జారిపోయింది. రెండోసారికి పడింది. ఎడమచెవి వెనక, గట్టిగా.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు చూశాడు. తియ్యమని చూశాడో, వద్దని చూశాడో ఎవరికీ తెలియలేదు. కానిస్టేబులు మాత్రం ఫోను ఎత్తాడు.

ఫోనులో పసుపుపచ్చ చట్రం పుట్టింది. గుడ్డ మీదికి వచ్చి ఆగింది. జరిగింది. నుదుటి మీదికి పోయి, మళ్ళీ కిందికొచ్చి, ఎక్కడ బిగుసుకోవాలో తెలియక అటూ ఇటూ తిరుగుతోంది. కానిస్టేబులు ఫోను దించలేదు. బెంచీ మీంచి కర్ర చప్పుడు వినబడింది. అత్త లేవడానికి ప్రయత్నిస్తోంది. లేచి, కుంటుకుంటూ వచ్చి, కోడలి పక్కన నిలబడి, తన భుజం మీది గుడ్డ తీసి ముఖానికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.